పావగడ కొండపై సూర్యోదయము

అగ్నిపర్వతము నెక్కి, తెల్లవారకముందే శిఖరము చేరి, ఉదయించు సూర్యుని చూచుట లోకమున పలుచోట్ల నున్న వాడుక. జపాను దేశీయులు ఫ్యూజీ శిఖరమున తొలి కిరణమును చూచుటకై రాత్రివేళ నడతురు. హవాయి ద్వీపములలో 10,023 అడుగుల ఎత్తుగల హలేయకల పర్వతము పేరునకు ఆ దేశభాషలో 'సూర్యుని ఇల్లు' అని అర్థము. తెలుగు మాటలాడు నేలపై అట్టి నిప్పుకొండలు లేవు. అయినను చీకటిలో ఎక్కి వెలుగులో దిగివచ్చు యాత్రకు తగిన కొండలు మనకును కలవు. వానిలో కర్ణాటక రాష్ట్రము తుమకూరు జిల్లాకు చెందిన పావగడ కొండ యొకటి. దానిపైనుండి ప్రభాతమున కనిపించు దృశ్యములో ఒక చరిత్ర యిమిడియున్నది. ఆ చరిత్ర ఆంధ్రదేశ చరిత్ర గ్రంథములలో అరుదుగా ప్రస్తావింపబడుచున్నది. కన్నడదేశ చరిత్రలో సరిహద్దు ముచ్చటగా మిగిలిపోవుచున్నది. ఆ రెంటి నడుమ నున్న తెలుగువారు తమ ఊరి కథను తామే వెదకికొనవలసి వచ్చినది.

పావగడ కొండ అగ్నిపర్వతమా అన్న ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పుట మంచిది. చిత్రమేమన, ఇదే పేరుగల కొండ యొకటి గుజరాతు దేశమున చాంపానేరు చెంత నున్నది. ఆ పావగఢము నిజముగనే అగ్నిశిలలు పేర్చిన కొండ. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిపై పొంగిపారిన లావా దానికి మూలము. మన పావగడ దానికంటె ఎన్నో మడుగులు పాతది. ఇది రామనగరము మొదలుకొని ఉత్తరముగా తుమకూరు, మధుగిరి, పావగడ, కల్యాణదుర్గముల మీదుగా సాగిపోవు గ్రానైటు పట్టెలోనిది. రామనగరమునకు తెల్లదొరల కాలమున క్లోజుపేట అను పేరుండుటచే భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని క్లోజుపేట గ్రానైటు అందురు. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. కరిగిన శిల భూమి పొరలను చీల్చుకొని బయటికి రాక, లోతుననే మెల్లగా చల్లారి గట్టిపడినది. పైనున్న నేల కోట్ల సంవత్సరముల వానకు గాలికి అరిగిపోగా లోపలి బండ బయటపడినది. కావున ఇది బ్రద్దలుకాని నిప్పు. నిజముగా లావా ప్రవహించిన గురుతును చూడగోరువారు పడమరగా చిత్రదుర్గము సమీపమునగల మరడిహళ్ళికి పోవలెను. అచ్చట సముద్రగర్భమున పారి దిండ్లవలె గడ్డకట్టిన లావాను నేటికిని చూడవచ్చును.

కొండ ఎత్తు సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగులు. దాని క్రిందనున్న పట్టణమునకు సుమారు 900 అడుగులు. ఈ 900 అడుగులలోనే ఒక చిన్న వింత యున్నది. తూర్పున నేల సమతలముగా నుండునెడల కొండ కొననున్నవానికి సూర్యుడు పట్టణములోని వానికంటె రమారమి రెండు నిమిషములు ముందుగా కనిపించును. వేసవి నడుమ 5 గంటల 55 నిమిషముల ప్రాంతమునను, జనవరిలో 6 గంటల 45 నిమిషముల ప్రాంతమునను ఇచ్చట సూర్యోదయము. పగటి ఎండకు గ్రానైటు బండ పెనమువలె కాగును గనుక, చీకటితో ఎక్కుట వినోదమునకే కాదు, కాలి సుఖమునకు కూడ.

పేరు విషయము కొంత ఆలోచింపదగినది. కోట కట్టునపుడు పాము రూపముగల రాయి యొకటి దొరికెననియు, అందుచే ఆ పేరు వచ్చెననియు చెప్పుకొందురు. కథ యెట్లున్నను మాట స్పష్టము. పాత కన్నడమున 'పావు' అనగా పాము. గడ అనగా కోట. తరువాతి కన్నడమున మొదటి పకారము హకారమై 'హావు' అయినది. పాలు హాలైనవి, పల్లె హళ్ళి యైనది. ఈ ఊరి పేరు మాత్రము హావగడ కాలేదు. పాము, పాలు, పల్లె అని పకారముతోనే పలుకు తెలుగువారు చుట్టును నిండియుండుట అందులకు కారణమని ఊహించుట అసంగతము కాదు. కన్నడపు పాతరూపమును తెలుగు నోరు కాపాడిపెట్టినదన్నమాట. తాలూకాలోని మరియొక గొప్ప దుర్గమైన నిడుగల్లు పేరును అట్టిదే. నిడు అనగా పొడవైనది. రెండు భాషలకు ఉమ్మడి మాట. కల్లు అనగా రాయి యని కన్నడమున నేటికిని వాడుక; తెలుగువాడు ఉప్పుకల్లు అన్నపుడు అదే మాటను పలుకుచున్నాడు.

చీకటిలో కొండ నెక్కుట పూర్వకాలమున వేడుక కాదు, యుద్ధకార్యము. పాలెగాండ్రు కొండకోటలు కట్టుకొన్నది దూరమునుండి వచ్చు దండును ముందుగా కనుగొనుటకు. పగలు వచ్చు శత్రువు లేపిన దుమ్మును బట్టి తెలియును. రాత్రి వచ్చువాడు తెలియడు. అందుచే బురుజు మీది కావలివానికి తెల్లవారుజాము గండపు వేళ. ఇచ్చటి కోటలు పాలెగాండ్ర చేతినుండి 18వ శతాబ్దమున హైదరాలీ వశమైనవి; అతని తరువాత టిప్పు సుల్తానువి. ఆ కాలపు యుద్ధములలో ఈ దుర్గములను పట్టుకొనుట యెట్లు జరుగుచుండెనో నందిదుర్గము కథవలన తెలియును. 1791 అక్టోబరులో కారన్‌వాలిసు సేనలు ఆ కొండను రాత్రివేళ, వెన్నెల వెలుగున ఎక్కి ముట్టడించి పట్టుకొన్నవి. నేడు అదే నందికొండపైకి బెంగుళూరునుండి జనము తెల్లవారుజామున బారులు తీరి సూర్యోదయము చూడబోవుచున్నారు. పావగడకు అంత జనము రారు. పట్టణములోని శనిమహాత్ముని ఆలయమునకు మాత్రము శనివారములందు దూరప్రాంతముల నుండి భక్తులు వత్తురు. శని సూర్యుని కుమారుడు. కుమారుని దర్శించువారిలో తండ్రి దర్శనమునకై కొండ ఎక్కువారు కొలదిమంది.

ఎక్కినవారికి తూర్పు దిక్కున కనిపించునది పెనుగొండ సీమ. ఇది యాదృచ్ఛికమే గాని చెప్పక విడువరానిది: పావగడయు పెనుగొండయు దాదాపు ఒకే అక్షాంశమున నున్నవి. నడుమ దూరము సూటిగా 20 మైళ్ళు. కావున రాత్రింబవళ్ళు సమానముగానుండు మార్చి, సెప్టెంబరు దినములలో పావగడ కొండపైనున్నవానికి సూర్యుడు పెనుగొండ దిక్కుననే ఉదయించును. దక్షిణాయనము ముగియునాటికి దానికి కుడివైపుగా 24 డిగ్రీలు, ఉత్తరాయణము ముగియునాటికి ఎడమవైపుగా అంతే జరుగును. పెనుగొండ సామాన్యమైన ఊరు కాదు. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధము తరువాత తిరుమలరాయలు విజయనగరమును విడిచి వచ్చి రాజధాని చేసికొన్నది ఆ కొండ నీడనే. పావగడ ప్రాంతపు పాలెగాండ్రకు రాజధాని అప్పుడు తూర్పున నుండెను. సూర్యుడును ప్రభువును ఒకే దిక్కున నుండిన కాలమది.

ఆ రెండు కొండల నడుమ నేడొక రాష్ట్రసరిహద్దు ఉన్నది. వెలుగు వచ్చిన తరువాత దానిని కొండపైనుండి వెదకినను కనుగొనలేము. చెరువులు, వేరుసెనగ చేలు, తుమ్మచెట్లు, బోడిగుట్టలు అటును ఇటును ఒకే తీరున నున్నవి. ఆ గీత యెట్లు వచ్చినది? 1792, 1799 సంవత్సరముల ఒడంబడికల వలన టిప్పు రాజ్యమునుండి తనకు లభించిన భూములను నిజాము 1800 లో కుంపిణీకి ఇచ్చివేసెను. అవియే దత్తమండలములు. పెనుగొండ వానిలో చేరినది. పావగడ, శ్రీరంగపట్టణము పడిన తరువాత మైసూరు ఒడయరులకు తిరిగి కట్టబెట్టబడిన రాజ్యములో నిలిచినది. ఒకే భాష, ఒకే పంట, ఒకే చుట్టరికములు గల నేల ఈ విధముగా రెండు ప్రభుత్వముల పాలైనది. ఒకవైపు మన్రో దొర రైతువారీ పద్ధతి వచ్చెను. రెండవవైపు మైసూరు అమలుదారుల పాలన సాగెను. అనంతపురము 1882 లో ప్రత్యేక జిల్లా యయ్యెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడును, 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రములు కుదురుకొన్నపుడును పావగడ మైసూరులోనే ఉండెను. 1973 లో మైసూరు కర్ణాటకమయ్యెను. మూడువైపుల ఆంధ్రప్రదేశము చుట్టియుండ, పటమున పావగడ తాలూకా తెలుగుసీమలోనికి చాచిన చేయివలె కనిపించును. 2022 లో పెనుగొండ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరుటతో ఆవలి గట్టు పేరు మరియొకసారి మారినది.

ఈ గీతకు పూర్వమున్న పొత్తును చూపునది నిడుగల్లు. పావగడకు పడమరగా, సుమారు 3,700 అడుగుల ఎత్తున నిలిచిన ఆ దుర్గము చాలకాలము ఒక చోళవంశమునకు రాజధాని. చరిత్రకారులు వారిని నిడుగల్లు చోళులందురు. వారు కరికాలుని సంతతివారమని చెప్పుకొని, ఒరయూరు పురవరాధీశ్వరులమని బిరుదు వహించిరి. నిడుగల్లునకు ముందు వారి నెలవు హెంజేరు, అనగా నేడు ఆంధ్రప్రదేశములోనున్న హేమావతి. అంతకు పూర్వము నొలంబులు ఏలిన పట్టణము. ఒక వంశము రెండు రాజధానులలో ఒకటి ఇటును మరియొకటి అటును పడినది. వీరిలో ఇరుంగోళుడను పేరు తరతరములుగా వినబడును. హొయసల విష్ణువర్ధనునితో పోరాడినవాడు ఒక ఇరుంగోళుడు. మరియొక ఇరుంగోళుని కాలమున, 1232 లో, గంగేయన మారెయ యను జైనగృహస్థు నిడుగల్లు కొండమీద పార్శ్వనాథునికి బసది కట్టించెను. 1285 లో హొయసల మూడవ నరసింహుడు నిడుగల్లుపై దండెత్తెను. ఈ శాసనములను బి. ఎల్. రైసు సేకరించి 1904 లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పండ్రెండవ సంపుటమున ప్రకటించెను.

ఇచ్చట ఒక మెలిక యున్నది. కరికాలుని సంతతివారమని చెప్పుకొన్న మరియొక కుటుంబము రేనాటి చోళులది. కడపసీమలో కలమళ్ళ, ఎఱ్ఱగుడిపాడులయందు 6వ శతాబ్దమున మొట్టమొదటి తెలుగు శాసనములను వేయించినవారు వారే. ఒకే మూలపురుషుని చెప్పుకొన్న ఈ రెండు కుటుంబములలో ఒకటి తెలుగునకు రాతప్రతిష్ఠ కలిగించినది. రెండవది నిడుగల్లు బండలపై కన్నడమును చెక్కించినది. ఆ బండల చుట్టునున్న పల్లెలలో వినిపించునది నేడు ఎక్కువగా తెలుగు. దీనిని బట్టి ఈ నేల మొదట మాదియని తెలుగువారు గాని, కన్నడిగులు గాని వాదించుట చరిత్రకు సరిపడదు. రాజు శాసనభాష యొకటి, రైతు ఇంటిభాష యొకటి అయియుండుట దక్షిణదేశమున సామాన్యము. శాసనము రాజు మాటను నిలిపినది. రైతు మాట నోటనే నిలిచినది. పావగడ తెలుగువారి చరిత్రను వ్రాయబూనువాడు కన్నడ లిపి నేర్వక తప్పదు. ఆ శాసనములను చదువగల తెలుగు విద్యార్థులు ఆ తాలూకాలోనే బడిలో కన్నడమును, ఇంట తెలుగును నేర్చి పెరుగుచున్నారు. రెండు రాష్ట్రముల విశ్వవిద్యాలయములకంటె వారే ఈ పనికి యోగ్యులు.

సూర్యునితో ఈ తాలూకాకు మరియొక సంబంధము ఇటీవల కలిగినది. వాన తక్కువ, ఎండ యెక్కువ; భూగర్భజలములో ఫ్లోరైడు దోషము; వరుస కరవులు. ఇవి పావగడకు పాత బాధలు. ఆ ఎండయే పెట్టుబడిగా తిరుమణి, బలసముద్రము మొదలైన ఐదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములలో సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. 2018 మార్చి 1న మొదటిభాగము ప్రారంభమయ్యెను. 2019 చివరకు 2,050 మెగావాట్ల పూర్తిశక్తిని అందుకొనెను. ఇది పావగడ కొండకు ఈశాన్య దిక్కున నున్నది. భూమిని ప్రభుత్వము కొనలేదు; ఎకరమునకు సాలునకు 21,000 రూపాయల చొప్పున రైతులనుండి కౌలుకు తీసికొనెను. రెండేండ్లకొకమారు నూటికి ఐదు వంతున ఆ కౌలు పెరుగునట్లు ఏర్పాటు. పంట పండని యేటను రూకలు చేతికి వచ్చుట భూవసతిగలవారికి మేలే అయినది. ఆ పొలములలో కలుపు తీసి, కాయ కోసి బ్రతికినవారికి కౌలు లేదు, పనియు లేదు. పశువులు మేపుకొను బయలు అద్దపు పలకల క్రింద పోయినది. వారిలో పలువురు పని వెదకికొనుచు పట్టణములు పట్టిరి.