కార్లను మోయువారు

పెనుకొండ ప్రాంతమున హైదరాబాదు–బెంగుళూరు రహదారిపై పోవువారికి ఒక దృశ్యము అలవాటైనది. రైలుపెట్టెను తలపించు పొడుగాటి ట్రక్కులు, నలుప్రక్కల మూసినవి, ఒకదానివెంట నొకటి నిదానముగా సాగుచుండును. 2019లో అచ్చట కియా కార్ల కర్మాగారము తెరచిన పిదప ఇవి మరింత కానవచ్చుచున్నవి. లోపల నేమున్నదో పిల్లలకు సైతము తెలియును: క్రొత్త కార్లు. ఆ కారు వెల యెంతయని విచారించువారు పెక్కురు. దానిని బండిపైకి ఎక్కించి, కట్టి, దూరదేశము మోసికొనిపోయి, గీత పడకుండ దించిన మనుష్యునకు ముట్టునది యెంత, ఏ లెక్కను ముట్టును అని విచారించినవారిని మేము అంతగా చూడలేదు. ఈ వృత్తి పుట్టినది అమెరికాలో. దాని కూలి లెక్క కుదురుకొన్నదియు అక్కడనే. కనుక ఆ దేశపు కథనే చెప్పుకొందము.

అలెగ్జాండరు వింటన్ అను నతడు స్కాట్లండులో జన్మించి, అమెరికాకు వలసపోయి, క్లీవ్‌లండు నగరమున సైకిళ్లు చేయుచు 1897లో మోటారు బండ్ల కంపెనీ స్థాపించెను. మరుసటి యేట 22 బండ్లు అమ్మెను. కొన్నవారిలో దూరపు ఊళ్లవారు కలరు. బండిని తోలుకొనిపోయి అప్పగింత మనినచో, ఆనాటి గతుకుల బాటలపై అది ఇల్లు చేరునప్పటికే పాతబండి యగును. అందుచే నతడు 1898లో ఒక ఉపాయము పన్నెను. ఒక మోటారు బండి వెనుకకు చక్రముల వేదిక నొకదానిని తగిలించి, అమ్ముడైన బండిని దానిపై నిలిపి పంపించుట. ఒక మారు మోయగలిగినది ఒక్క బండినే. నడచుటకు పుట్టిన బండికి మోత కావలసివచ్చుట వింతగా తోచవచ్చును. కాని నడవగల పెండ్లికూతురును పల్లకిలో పంపిన మనకు అందు వింత యేమున్నది!

ఈ ఉపాయము వెంటనే పెద్దగా వ్యాపింపలేదు. హెన్రీ ఫోర్డు మోడల్ టి కార్లు 1908 మొదలు 1927 వరకు కోటిన్నర తయారైనవి. దూరము పోవలసినవి ఎక్కువగా రైలుపెట్టెలలో పోయినవి. రోడ్లు గట్టిపడి, ట్రక్కులకు బలము వచ్చిన పిమ్మట, 1920, 30 దశకములలో, మూడు నాలుగు కార్లను మోయు ట్రెయిలర్లు డెట్రాయిటు నుండి బయలుదేర నారంభించెను. ఖర్చు తగ్గింపగోరినవారు మరొక దారి త్రొక్కిరి. ఒక కారును తోలుచు, దాని వెనుక నింకొక కారును కట్టి యీడ్చుకొనుచు, వరుసలు వరుసలుగా ఎడారులు దాటి కాలిఫోర్నియాకు పోయెడివారు. ఈ వరుసలపై కాపలా ఖర్చులకని ఆ రాష్ట్రము కారుకు 15 డాలర్లు వసూలు చేయగా, అది ఖర్చును మించిన వసూలని 1937లో అమెరికా సుప్రీముకోర్టు కొట్టివేసెను.

ఇక పని సంగతి. లారీ తోలువాని శ్రమ చక్రము చేతబట్టినప్పుడే యని మనము తలచుచుందుము. కార్లు మోయువానికి అసలు శ్రమ బండి నిలిచియున్నప్పుడు. అతడు ఒక్కొక్క కారును తానే తోలి, చక్రము వెడల్పునకు ఇంచుక మించిన ఇనుప పట్టాలపై పైఅంతస్తున కెక్కింపవలెను. అచ్చట తలుపు పూర్తిగా తెరచుకొనదు. ఆ సందులోనుండియే శరీరమును మెలిత్రిప్పి వెలికి రావలెను. కాలు మోపుటకు చోటు జానెడు, క్రిందికి చూచిన మనిషి నిలువును మించిన యెత్తు. వానకు, మంచునకు ఆ యినుము జారుచుండును. ఈ వృత్తిలో పడిపోవుట చేత కలిగిన గాయములు సామాన్యము.

ఎక్కించిన కారును కట్టవలెను. పూర్వము అంతయు గొలుసులే. ఇనుప కడ్డీని పండ్లచక్రమునకు తగిలించి, ఒంటి బరువంతయు దానిపై వైచి బిగింపవలెను. కడ్డీ జారెనా, అది వచ్చి తగులునది ముఖమునకే. ఏండ్ల తరబడి ఈ పని చేసినవారి భుజములు, నడుములు ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు. తరువాత చక్రములపై వేయు పట్టీలు వచ్చి ఈ బాధ కొంత తగ్గినది. నేటి బండి తొమ్మిది పది కార్లను మోయును. చాల రాష్ట్రములలో మొత్తము ఎత్తు 13 అడుగుల 6 అంగుళములు మించరాదు గనుక, ఒకదాని ముక్కు మరొకదాని వీపు క్రింద దూరునట్లు వాల్చి అమర్చవలెను. చివరి ఊరిలో దిగునది మొదట ఎక్కవలెను. లెక్క తప్పినచో నడుమ నాలుగు దింపి మరల ఎక్కించుటయే. అనుభవశాలికైనను ఎక్కింపునకు గంటన్నర, రెండు గంటలు పట్టును.

అయినను కూలి మైలుకు ఇంత యని కట్టిరి. చిక్కు పుట్టినది ఇచ్చటనే. చక్రము తిరిగిన వేతనము, నిలిచిన లేదు. కట్టుట, విప్పుట, కర్మాగారపు ఆవరణలో పడిగాపులు పడుట, ఇవన్నియు మైళ్లు కావు గదా! 1935లో ట్రక్కు రవాణాను ప్రభుత్వము తన అదుపులోనికి తెచ్చుకొన్నది. ఆ దశకము చివర తోలు గంటలకు మితి యేర్పడెను. కాని 1938 నాటి కూలి చట్టము నిర్ణీత గంటలకు మించిన పనికి ఒకటిన్నర రెట్లు ఇప్పించుచు, రాష్ట్రములు దాటి తోలు డ్రైవర్లను ఆ నియమమునుండి మినహాయించెను. కొరత తీర్చుటకు దారి సంఘమొక్కటే. గుఱ్ఱపు బండ్లవారి పేరున 1903లో వెలసిన టీమ్‌స్టర్ల సంఘము వీరిని చేర్చుకొని, మైలు రేటుతోపాటు ఆలస్యములకు గంట రేటును ఒప్పందములలో వ్రాయించెను. 1964లో ఆ సంఘపు అధ్యక్షుడు జిమ్మీ హోఫా నాలుగు లక్షలకు పైగా సరకు డ్రైవర్లకు ఒకే దేశవ్యాప్తమైన ఒప్పందము సాధించినాడు. కార్లు మోయువారికి మాత్రము ప్రత్యేకపు ఒప్పందమే నిలిచినది. వారి పని వేరని ఇరుపక్షములు ఒప్పుకొన్న వన్నమాట.

ఇంతలో 1960 ప్రాంతమున రైలు కంపెనీలు మూడంతస్తుల వాగన్లు దింపినవి. ఒక్కొక్కటి 12 మొదలు 15 కార్లను మోయును. దూరపు మైళ్లన్నియు రైలు పాలయ్యెను. స్టేషను యార్డునుండి దుకాణము వరకు గల పొట్టి ప్రయాణములు ట్రక్కులకు మిగిలెను. దీని అర్థమేమన, కట్టు విప్పులు తగ్గలేదు, మైళ్లు తగ్గినవి! 1980 చట్టము రవాణా రేట్లపై అదుపు సడలించగా సంఘము లేని కంపెనీలు, సొంత బండి గలవారు పెక్కురు రంగమున దిగిరి. వీరిలో పలువురికి కిరాయిలో నూటికి ఇంత యని వాటా. 2004 నుండి అమలైన నియమము ప్రకారము 14 గంటల పనివేళలో 11 గంటలే తోలవచ్చును. ఎక్కింపు దింపులు ఆ 14 గంటలలోనివే.

2023లో అమెరికాలో పెద్ద ట్రక్కుల డ్రైవర్ల నడిమి సంవత్సరాదాయము 54,320 డాలర్లు. కార్లు మోయువారికి సాధారణముగా దీనికంటె హెచ్చుగానే గిట్టును. అందుండి విడువవలసినవి కలవు. దుకాణము ముంగిట కారు దించినప్పుడు యజమాని మనుష్యుడు దీపము పట్టుకొని చుట్టును తిరిగి చూచును. క్రొత్త గీత యేదైన కనబడినచో కాగితముపై వ్రాయును. ఆ సంతకమైన పిదప డ్రైవరు పట్టాలు మడచి, పట్టీలు చుట్టి, ఖాళీ బండితో బయలుదేరును. ఖాళీ మైలుకు రేటు ఎంతయన్నది ఆ కంపెనీతో అతడు చేసికొన్న బేరమును బట్టి యుండును.