జిగ్‌సా తరగతి

పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చి, దాన్ని మిగతావారికి నేర్పే బాధ్యత ఆ పిల్లలకే అప్పగించే బోధన పద్ధతిని జిగ్‌సా తరగతి అంటారు. సహకార అభ్యసన పద్ధతుల్లో బాగా ప్రచారం పొందినవాటిలో ఇదొకటి. 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో సామాజిక మనస్తత్వవేత్త ఇలియట్ అరాన్సన్ తన విద్యార్థులతో కలిసి దీన్ని రూపొందించారు.

బడిలో కొట్లాటలు ఆపడానికి పుట్టిన పద్ధతి ఇది. అప్పటిదాకా చాలావరకు విడివిడిగా చదువుకున్న తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలు కోర్టు ఆదేశాలతో ఒకే గదిలోకి వచ్చారు. గొడవలు మొదలయ్యాయి. సలహా కోసం పిలిస్తే వెళ్లిన అరాన్సన్ బృందం అయిదో తరగతి గదుల్లో కూర్చుని గమనించింది. టీచరు ప్రశ్న అడగ్గానే చేతులు లేస్తాయి. ఒకరిని పిలవగానే మిగతావాళ్ల మొహాలు చిన్నబోతాయి. ఆ ఒక్కరూ తప్పు చెబితే చేతులు మళ్లీ హుషారుగా లేస్తాయి. పక్కవాడు తప్పితేనే తనకు వంతు వచ్చే చోట, కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన స్నేహం కుదరదు.

మొదట్లో వాడిన పాఠాల్లో పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ జీవితకథ ఒకటి. దాన్ని ఆరు పేరాలు చేసి, ఆరుగురి జట్టులో తలా ఒకటి ఇచ్చారు. ఒకరికి పూర్వీకులు, ఒకరికి బాల్యం, మరొకరికి నడివయసు. పరీక్ష మాత్రం మొత్తం కథ మీద. ఇంగ్లీషు అంతగా రాని ఒక పిల్లవాడు తడబడుతుంటే మిగతావాళ్లు వెక్కిరించారు. పరీక్ష దగ్గరపడిందని, అతని పేరా అతని నోటనే వినాలని పరిశోధకులు గుర్తుచేశారు. నాలుగైదు రోజులకు వెక్కిరింత తగ్గింది, ఓపిగ్గా ప్రశ్నలు అడిగి చెప్పించుకోవడం వచ్చింది. ఈ పద్ధతిలో అసలు పాఠం అదేననిపిస్తుంది.

ఒకే ముక్క వచ్చిన పిల్లలు ముందుగా ‘నిపుణుల జట్టు’గా కూడి, చర్చించి, తర్వాత సొంత జట్లకు వెళ్లడం ఇందులో కీలకమైన మెట్టు. నెమ్మదిగా చదివేవారికి అక్కడే ధైర్యం వస్తుంది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ స్లావిన్ చేసిన మార్పులో (జిగ్‌సా–2) పాఠం మొత్తం అందరూ చదువుతారు, జట్టుకు మార్కులుంటాయి.

ఆస్టిన్ ప్రయోగాల్లో పిల్లలకు తోటివారి మీద, బడి మీద ఇష్టం పెరిగింది. అల్పసంఖ్యాక వర్గాల పిల్లల మార్కులు మెరుగయ్యాయి, తెల్ల పిల్లలవి తగ్గలేదు. 1978లో వచ్చిన ‘ది జిగ్‌సా క్లాస్‌రూమ్’ పుస్తకం ఈ అనుభవాలను వివరించింది. మార్కుల విషయంలో తర్వాతి పరిశోధనల ఫలితాలు ఒక్క తీరుగా లేవు.

చిక్కులూ ఉన్నాయి. ఒక్కరు బడికి రాకపోతే ఆ ముక్క లోటు పడుతుంది. నోరున్నవాడు జట్టునంతా తన చేతిలోకి తీసుకుంటాడు. లెక్కల్లాగా ముందుది తెలిస్తే గాని తర్వాతది అర్థంకాని పాఠాలను ఇలా పంచడం కష్టం. చరిత్ర, జీవితకథలు, సామాన్యశాస్త్రంలోని వివరణాత్మక పాఠాలు దీనికి బాగా నప్పుతాయి.