నెల తప్పిన మనిషి, రెండు దేశాల చట్టాలు

అక్కలూ, చెల్లెళ్ళూ, ఊళ్ళో ఉండి మన గ్రూపు చదివే అమ్మలూ వదినలూ,

మస్కట్ విమానం ఎక్కేముందు జీతం ఎంతో అడుగుతాం, ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో అడుగుతాం. నెల తప్పితే అక్కడి చట్టం ఏమంటుందో మాత్రం ఎవరమూ అడగం. ఏజెంటూ చెప్పడు. అందుకే ఈ నెల ఆ చరిత్ర.

మన దేశంలోనూ ఇది మొదట నేరమే. 1860లో ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన శిక్షాస్మృతిలో 312వ సెక్షన్ ఉండేది. తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప కడుపు తీస్తే మూడేళ్ళ దాకా జైలు, బిడ్డ కదలిక తెలిశాక అయితే ఏడేళ్ళ దాకా. తీసినవాళ్ళకే కాదు, తీయించుకున్న ఆమెకి కూడా. ఆ రోజుల్లో దీనికి ఎక్కువ వణికింది ఎవరనుకున్నారు? చిన్నతనంలోనే బొట్టు చెరిపేసిన వితంతువులు. మళ్ళీ పెళ్ళి చెయ్యరు, కడుపొస్తే ఊళ్ళో ఉండనివ్వరు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించిన సంగతి బళ్ళో చదువుకున్నాం కదా, దాన్ని ఈ సెక్షన్ పక్కన పెట్టి చదవాలి.

నూరేళ్ళు దాటాక గానీ చట్టం మెత్తబడలేదు. 1964లో శాంతిలాల్ షా గారి కమిటీ వేశారు. చాటుమాటుగా, నాటు పద్ధతుల్లో తీయించుకుని ఆడవాళ్ళు చచ్చిపోతున్నారు. జనాభా తగ్గించాలన్న ఆత్రమూ ప్రభుత్వానికి ఉందనుకోండి. ఉత్త దయే అయితే అప్పటికైనా కదిలేవారు కాదేమోనని నా అనుమానం. 1971లో చట్టం పాసై, 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. గర్భనిరోధక సాధనం పనిచెయ్యలేదన్న కారణం మాత్రం పెళ్ళైనవాళ్ళకే రాశారు. 'భర్త' అన్న మాట 'భాగస్వామి'గా మారడానికి 2021 దాకా ఆగాల్సొచ్చింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్ళికాని వాళ్ళకీ పెళ్ళైనవాళ్ళతో సమానంగా హక్కుందని చెప్పింది.

ఇక ఒమాన్. ఇక్కడ 1994లో ఆరోగ్య శాఖ కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం పాటించే కార్యక్రమం పెట్టి, భార్యాభర్తలకి సాధనాలు ఉచితంగా ఇచ్చింది. ఆపెయ్యమనలేదు, ఎడం ఉంచమంది. మన ఊళ్ళ ఆపరేషన్ క్యాంపులు చూసినవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. కడుపు తీయడం మాత్రం నేరంగానే ఉండిపోయింది, 2018 శిక్షాస్మృతిలోనూ అంతే. పెళ్ళి లేని సంబంధానికీ జైలే. ఇంటిపనిలో ఉన్న మనిషి మీద బలవంతం జరిగినా, చెప్పుకుంటే కేసు తన మీదికే తిరుగుతుందేమోనని నోరు మెదపదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉందంటే ఇంటికి రావడమూ ఆమె చేతిలో ఉండదు. ఈలోగా వారాలు గడిచిపోతాయి.

సాయం లేదని కాదు. 2023 చట్టాలతో ప్రసూతి సెలవు 50 రోజుల నుంచి 98 రోజులకి పెరిగింది, జీతంతో సహా. తండ్రికి 7 రోజులు. 2024 జూలై 19 నుంచి ప్రసూతి బీమా అమల్లో ఉంది, దానికి యజమాని 1 శాతం కడతాడు. కంపెనీల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, బళ్ళల్లో చేసే మనవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. కానీ అదే లేబర్ చట్టం ఇంటిపనివాళ్ళని బయటే ఉంచింది. మనలో ఎక్కువమంది వచ్చిందే ఆ పనికి! నెలకి 10 రియాళ్ళ పిల్లల భృతి కూడా ఒమానీ పిల్లలకే.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. కూతురో కోడలో ఆ పరిస్థితిలో ఇల్లు చేరితే, తిట్టడం తర్వాత, ముందు ఎన్నో వారమో లెక్క కట్టండి. చట్టం చెప్పిన కారణాలుంటే 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ బలాత్కారానికి గురైనవాళ్ళు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు, ఇలా కొందరికే. 18 నిండిన మనిషికి ఆమె సంతకం ఒక్కటే కావాలి. భర్తది గానీ అత్తగారిది గానీ చట్టం అడగలేదు. ఆమె పేరు బయట పెట్టకూడదని కూడా అదే చట్టంలో ఉంది.