తందాన తాన... మ్యూట్‌లో

మొన్నామధ్య టీమ్ కాల్‌లో ఓ జోకేశాను. అందరూ మ్యూట్‌లో ఉన్నారు, కెమెరాలూ లేవు. కాసేపయ్యాక ఎవరో చాట్‌లో ఓ నవ్వు మొహం పెట్టారు. జోకు పేలిందో లేదో ఇప్పటికీ తెలీదు. ఆ నిశ్శబ్దంలో నాకు గుర్తొచ్చింది మాత్రం, చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో చూసిన బొబ్బిలి యుద్ధం బుర్రకథ.

బుర్రకథలో నవ్వించడం ఓ ఉద్యోగం. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయ వంత, వర్తమాన సంగతులెత్తుతారు. రెండోవారు హాస్య వంత. పని జోకులెయ్యడం. అంతేనా అంటే, కాదు.

కథ జరిగింది 1757లో. వింటున్న జనమేమో పొద్దున్నించీ పొలంలో పనిచేసి, చాపలేసుకుని కూర్చున్నవాళ్ళు. ఆ కాలానికీ ఈ చాపకీ మధ్య వంతెన హాస్య వంతే. తాండ్ర పాపారాయుడు రాజాం నుంచి బయల్దేరాడని కథకుడు ఆవేశంగా చెప్తుంటే, వంత అడిగాడు: "మనూరి బస్సెక్కలేదు కదా గురూ? ఎక్కితే యుద్ధమయ్యాకే దిగుతాడు!" పందిరంతా ఘొల్లుమంది. కాసేపటికి కథలో పాపారాయుడు నిజంగానే ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే కోట పడిపోయింది, లోపల ఆడవాళ్ళూ పిల్లలూ లేరు. ఇందాక నవ్విన మా అమ్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ జోకు లేకపోతే ఆ ఏడుపు అంత లోతుగా వచ్చేది కాదని నాకు ఇప్పుడనిపిస్తుంది.

ఇంకోటి గమనించాను. జనం నవ్వితే డక్కీ ఆగేది. నవ్వకపోతే వెంటనే "తందాన తాన" అందుకుని ముందుకెళ్ళిపోయేవారు. అంటే నవ్వు ఎంతసేపుండాలో నిర్ణయించేది జనమే!

ఈ బలం తెలిసే 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథని చేతపట్టింది. మద్రాసులో బ్రిటిష్ వాళ్ళూ, హైదరాబాదులో నిజామూ దాన్ని నిషేధించిందీ అందుకే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఆ కళని ఎక్కడికో తీసుకెళ్ళారు, 1986లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. 1954లో 'అగ్గిరాముడు' సినిమాలో ఆయన బుర్రకథ పెట్టారు. అయితే సినిమాలో వంతకి జనం వినపడరు. ఎంతసేపాగాలో ఎడిటింగు బల్ల మీదే తేలిపోవాలి.

నాటకాల నుంచి వచ్చిన రేలంగి గొప్పతనం అక్కడే ఉందనుకుంటాను. 'మిస్సమ్మ' (1955)లో ఆయనా రమణారెడ్డీ సెట్లో ఎవరూ నవ్వకపోయినా, ఎప్పుడో ఏ ఊరి హాల్లోనో పుట్టబోయే నవ్వుని ఊహించి దానికి చోటు వదిలారు. నాటకాల్లో ఎన్ని రాత్రులు జనం నవ్వుల్ని చెవులారా వింటే వచ్చుంటుందో ఆ అంచనా!

మనకా అనుభవమూ లేదు, ఎదురుగా జనమూ లేరు. అందుకే మా టీమ్‌లో ఓ కుర్రాణ్ణి కాల్‌లో మైకు తీసి ఉంచమన్నాను. "నవ్వు రాకపోతే నవ్వక్కర్లేదు తమ్ముడూ, తందాన తాన అను చాలు, నేను తర్వాతి స్లైడుకెళ్ళిపోతాను" అని చెప్పాను.

పోయిన వారం రెండుసార్లన్నాడు.