చిన్న ఇల్లు - చరిత్ర చెప్పే పాఠం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. మన కుటుంబాల్లో పెళ్ళి అప్పో సప్పో చేసి ఎట్లాగో జరిగిపోతున్నది గాని, ఇల్లు మాత్రం కలగానే మిగిలిపోతున్నది. ఈ యేడు మన సంఘం ముందు అదే ప్రశ్న వచ్చింది. వున్న కొద్దిపాటి జాగాలో కూలీనాలీ చేసుకునే వారికి ఎట్లాంటి ఇళ్ళు కట్టించాలి? వీలైనన్ని ఒంటి గదులు వరుసగా వేసేద్దామని కొందరు, సంఖ్య తగ్గినా ఇల్లనిపించేవే కట్టాలని కొందరు అంటున్నారు. మాకు ఇంజనీరింగు తెలియదు. బడిలో చరిత్ర చెప్పుకునేవాళ్ళం. అందుకని ఈ ప్రశ్నను చరిత్రనే అడిగి చూశాము.

ముందుగా మన హైదరాబాదు సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది ప్రాణాలు పోయాయనీ, 19,000 ఇళ్ళు కూలాయనీ చెబుతారు. ఏటి ఒడ్డున మట్టిగోడల మధ్య బతికే బీదవాళ్ళే ఎక్కువగా నష్టపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన సలహా మీద ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు కట్టించారు. అవి 1920లో, 1927లో పూర్తయ్యాయి. అయితే నీటిని ఆపినంత మాత్రాన సరిపోదనీ, ఇరుకు గల్లీలూ మురుగు కూడా మనుషులను చంపుతాయనీ ఆనాటి సర్కారు గ్రహించింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది.

ఈ బోర్డు రోడ్లు వెడల్పు చేసి, పత్తర్‌గట్టీ వంటి అందమైన బజార్లు కట్టింది. వాటిని అందరూ మెచ్చుకుంటారు. నాంపల్లి, మల్లేపల్లి వైపు చిన్న ఆదాయం వారికి అది కట్టించిన ఇళ్ళ గూర్చి మాత్రం తక్కువమంది మాట్లాడతారు. మా దృష్టిలో అసలు పాఠం అక్కడే వుంది. ఆదాయాన్ని బట్టి ఇళ్ళను తరగతులుగా విభజించారు. చిన్న ఇంటికైనా గాలీ వెలుతురూ మురుగు కాలువా వుండాలనుకున్నారు. 1960లో ఈ బోర్డు పని ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది.

ఇక బొంబాయి కథ వేరు. 1896లో అక్కడ ప్లేగు వచ్చింది. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. కట్టిన ఇళ్ళకన్నా కూల్చినవే ఎక్కువని దానికి పేరొచ్చింది. తర్వాత 1920ల్లో మిల్లు కూలీల కోసం బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు వర్లీ, నాయ్‌గావ్ మొదలైన చోట్ల 207 సిమెంటు చాల్‌లు కట్టింది. ఒక్కో కుటుంబానికి 160 చదరపు అడుగుల గది ఒక్కటే. మరుగుదొడ్లు మాత్రం ఉమ్మడి. అంత గిరాకీ వున్న నగరంలో కూడా మొదట్లో చాలా గదులు ఖాళీగా పడివున్నాయి. అద్దె కూలివాడికి అందలేదు, మిల్లు దూరమైంది. కట్టేముందు అతన్ని అడిగినవారు లేరు.

ఆ 160 అడుగులు ఎంతో చూద్దామని బడి వరండాలో సుద్దముక్కతో పదహారు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గీశాము. ఏడుగురు పిల్లలను చాపలు పరుచుకుని పడుకోమన్నాము. పొయ్యి, నీళ్ళ బిందెలు, ట్రంకుపెట్టె, కుట్టుమిషను వుండే చోట్లు గీసేసరికి ఇద్దరు పిల్లలు గీత బయటికొచ్చారు. ఒక అమ్మాయి లేచి, "సార్, అమ్మీ స్నానం ఎక్కడ చేస్తది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఇండోరులో బాలకృష్ణ దోషీగారు 1980ల్లో వేసిన అరణ్య పథకంలో ఆ పిల్ల ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. సుమారు 6,500 ఇళ్ళ కాలనీ అది. అన్నింటికన్నా చిన్న ప్లాటు 35 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో దాదాపు 42 గజాలు. అతి బీదవారికి పునాది, నీళ్ళు, మరుగుదొడ్డి సిద్ధం చేసి ఇచ్చారు. తక్కిన ఇంటిని డబ్బు కూడినప్పుడల్లా వాళ్ళే పెంచుకోవచ్చు. దీనికి 1995లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. ఖర్చు తగ్గించే దారి కేరళలో లారీ బేకర్‌గారు చూపారు. ఇటుకను పడుకోబెట్టకుండా నిలబెట్టి, గోడ మధ్య ఖాళీ వదిలి కడితే నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి. ఆ ఖాళీలోని గాలి వల్ల ఎండాకాలంలో ఇల్లు అంతగా వేడెక్కదు కూడా.

2015లో మొదలైన తెలంగాణ డబుల్ బెడ్‌రూం పథకంలో 560 చదరపు అడుగుల ఇల్లు ఇచ్చారు. లోపల స్నానాలగది, మరుగుదొడ్డి రెండూ వున్నాయి. ఇది గొప్ప మేలు, కాదనలేము. అయితే 2023లో ప్రారంభమైన కొల్లూరు కాలనీలో 15,660 ఇళ్ళు ఊరి అంచున వున్నాయి. లాడ్‌బజార్‌లో లక్కగాజులు చేసే కుటుంబం అక్కడికి పోతే ఇల్లు దొరుకుతుంది గాని, పని దూరమౌతుంది. బొంబాయి పాఠాన్ని మనం ఇంకా పూర్తిగా నేర్వలేదు.

కనుక మా మనవి ఇది. ఒంటి గదుల వరుస మనకు వద్దు. నీళ్ళు, మరుగుదొడ్డి, పరదా వుండే చిన్న వాకిలి, ఒక మంచి గది మొదట కట్టిద్దాం. రెండో గదికి చోటు వదులుదాం. నెలకు ఎంత కట్టగలరో ఆ కుటుంబాలనే అడిగి తెలుసుకుందాం. ప్లాను ఖాయం చేసే ముందు సంఘం పెద్దలు దాన్ని నేల మీద సుద్దతో గీయించి, ఆ ఇళ్ళలో వుండబోయే ఆడవాళ్ళను పిలిచి అందులో నిలబడి చూడమనాలి. వారు సరే అన్నాకే ముగ్గు పోద్దాం.