ట్రౌట్ బతకని ఊళ్లో ట్రౌట్ కథ: ఈకతో కట్టిన పురుగు చరిత్ర

ఈ ఎపిసోడ్ ట్రౌట్ అనే చేప గురించి, అది తినే పురుగుల గురించి. నేను మాట్లాడుతున్నది గోపన్‌పల్లి నుంచి. ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ ట్రౌట్ బతకదు. దానికి చల్లగా పారే నీళ్లు, అందులో బోలెడు ఆక్సిజన్ కావాలి. నీళ్ల వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మన చెరువులు ఎండాకాలంలో ఎలా కాగుతాయో మీకు తెలిసిందే. మరి ఈ కథ మనకెందుకు? ఎందుకంటే ఆ చేపను పట్టబోయి మనిషి పురుగుల్ని చదవడం నేర్చుకున్నాడు. ఆ చదువు మన చెరువుకీ పనికొస్తుంది.

మనం గాలానికి వానపామో, పిండిముద్దో గుచ్చుతాం. ట్రౌట్ మాత్రం చాలావరకు మేఫ్లై లాంటి సన్నటి పురుగుల్ని తింటుంది. మేఫ్లై పిల్లదశలో నెలల తరబడి నీళ్లలో రాళ్ల కింద ఉంటుంది. తర్వాత పైకొచ్చి, రెక్కలు విప్పి, జతకట్టి, ఒకట్రెండు రోజుల్లో చచ్చిపోతుంది. రెక్కలొచ్చాక అది ఏమీ తినదు, తినడానికి పనిచేసే నోరే ఉండదు. ఇంత నాజూకు పురుగుని గాలానికి ఎలా గుచ్చుతాం?

ఈ చిక్కు చాలా పాతది. దాదాపు 1800 ఏళ్ల కింద ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియా జాలరుల గురించి రాశాడు. అక్కడి నది మీద ఎగిరే ఒక పురుగుని చేపలు ఇష్టంగా తింటాయి, కానీ మనిషి చెయ్యి తగిలితే దాని రంగు పోతుంది, రెక్కలు వాడిపోతాయి అన్నాడు. అందుకే ఆ జాలరులు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టేవాళ్లట. అంటే నిజం పురుగు కాదు, పురుగు బొమ్మ! ఫ్లై ఫిషింగ్ అంటే ఇదే. బొమ్మకి బరువుండదు కాబట్టి, ఇప్పుడు బరువున్న దారాన్నే కొరడాలా ఊపి విసురుతారు.

1496లో ఇంగ్లండ్‌లో అచ్చయిన ఒక చేపలవేట పుస్తకంలో ఇలాంటి బొమ్మలు 12 ఉన్నాయి. మార్చి నుంచి మొదలుపెట్టి, ఏ నెలకి ఏ బొమ్మ కట్టాలో చెప్పింది. మార్చి నుంచే ఎందుకు? చలికాలం వెళ్తూ ఉంటుంది, నీళ్లింకా చల్లగానే ఉంటాయి, మధ్యాహ్నం కాస్త ఎండ తగిలినప్పుడే పురుగులు పైకొస్తాయి. మిగతా టైంలో చేప అడుగున పిల్లపురుగుల్నే ఏరుకుని తింటుంది. కాబట్టి సీజన్ మొదట్లో వేటగాడికి పురుగుల టైంటేబుల్ తెలియాలి. లేకపోతే ఖాళీ చేతులే.

1836లో ఆల్‌ఫ్రెడ్ రోనాల్డ్స్ ఈ తెలివిని సైన్సు దగ్గరికి తెచ్చాడు. నది ఒడ్డున చిన్న గుడిసె కట్టుకుని, ట్రౌట్ ఏం తింటోందో కూర్చుని చూశాడు. నిజం పురుగుల్ని, వాటికి కట్టాల్సిన బొమ్మల్ని రంగుల్లో గీసి, శాస్త్రీయ నామాలతో పుస్తకం వేశాడు.

ఇక మన దేశానికి వద్దాం. తెల్లదొరలు ఇక్కడికొచ్చినా వాళ్లకి ట్రౌట్ మీద మనసు పోలేదు. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1860లలో ట్రౌట్‌ని నీలగిరులకు తేవాలని చూశాడు, కుదరలేదు. కశ్మీరుకి 1899లో పంపిన గుడ్లు దారిలోనే పాడయ్యాయి. 1900లో వచ్చినవి బతికాయి. తర్వాతి పదేళ్లలో నీలగిరుల్లోనూ ట్రౌట్ నిలదొక్కుకుంది. ఇంకో సంగతి. వాళ్లు కట్టే పురుగు బొమ్మలకి మన దక్షిణాది అడవికోడి మెడ ఈకలంటే భలే గిరాకీ. ఆ ఈక మీద ఎనామిల్ పెయింట్ చుక్కలాంటి మెరుపు ఉంటుంది. చేపేమో అక్కడి నుంచి ఇక్కడికి, ఈకేమో ఇక్కడి నుంచి అక్కడికి! ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ కోడికి అండగా ఉంది.

అయితే ఒక దొర కాస్త వేరేగా ఆలోచించాడు. పేరు హెన్రీ సలివన్ థామస్, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి. 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాశాడు, 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా'. ట్యాంక్ అంటే మన చెరువే. ఇక్కడి నీళ్లు, ఇక్కడి చేపలు కూడా అంతే శ్రద్ధగా చూడదగ్గవని ఆయన లెక్క.

నేను పట్టుకున్న పాయింటు కూడా అదే. మనకి మార్చి మేఫ్లై సందడి లేకపోవచ్చు, కానీ తొలకరి ఉసిళ్లు ఉన్నాయి కదా! మొదటి వాన పడిన రాత్రి ట్యూబ్‌లైట్ చుట్టూ ముసిరేవి అవే. చెరువులో పడిన ఉసిళ్ల కోసం పరిగెలు ఎగబడతాయి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను కూడా చిన్నప్పుడు పురుగులు తినే పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మేఫ్లై పిల్లకి మొప్పలు ఒంటి బయట ఉంటాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ముందు పోయేవాటిలో అదొకటి. డ్రైనేజీ కలిసిన చెరువు బురదలో మాత్రం ఎర్రటి సన్న పురుగులు హాయిగా బతుకుతాయి. మన రక్తంలో ఉన్నట్టే వాటిలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆ ఎరుపు, అందుకే కొంచెం ఆక్సిజన్ చాలు. రెక్కలొచ్చాక సాయంత్రాలు చెరువు పక్కన గుంపులుగా ఎగిరేవి ఇవే. దోమల్లా కనిపిస్తాయి కానీ కుట్టవు. నీళ్ల ఆరోగ్యం తేల్చడానికి శాస్త్రవేత్తలు ఇలాంటి పురుగుల్నే లెక్కపెడతారు. అంటే వేటగాడి పాత చదువు ఇప్పుడు చెరువుకి బ్లడ్ టెస్టు అయింది.

ఇక్కడ ఒకవైపు సెంట్రల్ యూనివర్సిటీ చెట్లు, ఇంకోవైపు ఐటీ టవర్లు, మధ్యలో మిగిలిన చెరువులు. చెరువు పోయిందని మనకి తెలిసేది గట్టు మీద బిల్డింగ్ లేచాకే. కానీ పురుగులు ఆ మాట ఎన్నో ఏళ్ల ముందే చెప్తాయి. ఈసారి నల్లగండ్ల చెరువు వైపు వాకింగ్‌కి వెళ్తే, ఒడ్డున తడి రాయి ఒకటి తిప్పి చూడండి. ఫోనులో మాక్రో ఫోటో తీసి, తేదీ రాసి దాచుకోండి. చూశాక రాయిని మళ్లీ అలాగే పెట్టేయండి, అది వాటి ఇల్లు. అలాంటి ఫోటోలు ఒక పదేళ్లవి పోగైతే, అదే మన చెరువు చరిత్ర పుస్తకం.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.