తాత కన్నా ముందే తండ్రి పోతే మనవలకు వాటా ఉంటుందా? వసియ్యత్, హిబా, పంపకాల వివరాలు

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంపాదించే వయసులో ఉన్నవాళ్లనే తీసుకుపోతోంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో అమ్మానాన్నలు బతికుండగానే కొడుకు పోయిన ఇళ్లు ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. వైద్యం సంగతి అలా ఉంచితే, ముస్లిం కుటుంబాల్లో ఈ మరణాలు తర్వాత ఎప్పుడో ఒక తగాదా తెస్తాయి. తాత పోయాక జీడితోట పంచుకునేటప్పుడు, ముందే చనిపోయిన కొడుకు పిల్లలకు ఏం ఇవ్వాలి?

తాతకు ఇంకో కొడుకు బతికి ఉంటే, చట్టం ప్రకారం వాళ్లకు ఏమీ రాదు. హనఫీ మీరాస్‌లో దగ్గరి వారిస్ ఉంటే దూరపు వారిస్‌కు వాటా ఉండదు. చనిపోయిన తండ్రి స్థానంలో పిల్లలు నిలబడే పద్ధతి లేదు. కోడలికి కూడా మామగారి ఆస్తిలో హక్కు లేదు. పక్కింటి హిందూ కుటుంబంలో మనవలకు వాటా రావడం చూసి మనకూ అలాగే అనుకునేవాళ్లు చాలామంది. అక్కడే గొడవ మొదలవుతుంది. తాతకు కొడుకులెవరూ మిగలక కూతుళ్లే ఉంటే మాత్రం కొడుకు కొడుకు వారిస్ అవుతాడు.

దీనికి దారి లేదా అంటే ఉంది, అదే వసియ్యత్. కఫన్ దఫన్ ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు వరకు వారిస్ కాని వాళ్లకు రాయొచ్చు. మూడో వంతు కూడా ఎక్కువేనని ప్రవక్త (స) హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్‌తో చెప్పిన హదీసు దీనికి ఆధారం. తండ్రి లేని మనవలు వారిస్‌లు కారు కాబట్టే వాళ్ల పేరిట వసియ్యత్ చెల్లుతుంది. ఈజిప్టు 1946లో అలాంటి మనవలకు వసియ్యత్ ఉన్నట్టే లెక్కగట్టాలని చట్టం చేసింది. పాకిస్తాన్ 1961లో నేరుగా తండ్రి వాటాయే ఇచ్చింది. మన దేశంలో అలాంటిది లేదు. తాత స్వయంగా రాస్తేనే ఉంటుంది.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. తాతకు 3 ఎకరాల 60 సెంట్ల తోట, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అనుకుందాం. అందరూ బతికుంటే భార్యకు ఎనిమిదో వంతు 45 సెంట్లు, కొడుకులకు తలా 126, కూతురికి 63. ఒక కొడుకు ముందే పోతే భార్యకు అవే 45, మిగిలిన కొడుకుకు 210, కూతురికి 105, మనవలకు సున్నా. తాత మూడో వంతు మనవలకు వసియ్యత్ చేస్తే వాళ్లకు 120 సెంట్లు వస్తాయి. వాళ్ల నాన్నకు రావాల్సిన 126కి దాదాపు అంతే. మిగతా 240లో భార్యకు 30, కొడుకుకు 140, కూతురికి 70.

ఒక్కో కొడుకుకు ఒక్కో తోట అని రాసిన వీలునామాలు వేరే కథ. వారిస్‌కు వసియ్యత్ చెల్లదు, తండ్రి పోయాక మిగతా వారిస్‌లు ఒప్పుకుంటే తప్ప. తండ్రి బతికుండగా అందరూ తల ఊపినా సరిపోదు. (షియా ఫిఖ్‌లో మూడో వంతు వారిస్‌కూ రాయొచ్చు.) ముస్లిం వసియ్యత్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, నోటిమాట కూడా చెల్లుతుంది. కానీ నోటిమాటను కోర్టులో రుజువు చేయడం మహా కష్టం. కాగితం మీద రాసి, సాక్షుల సంతకాలతో రిజిస్టర్ చేయించడం మేలు.

హిబా అంటే బతికుండగానే ఇచ్చేయడం. ఇస్తున్నానని చెప్పాలి, తీసుకునేవారు ఒప్పుకోవాలి, ఆస్తి వాళ్ల చేతికి అప్పగించాలి. దీనికి మూడో వంతు హద్దు లేదు. హఫీజా బీబీ కేసులో 1968లో ఒక తండ్రి కొడుకు పేరిట రాసిన రిజిస్టర్ కాని హిబానామాను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లదంది. మూడు షరతులూ నెరవేరాయి కాబట్టి చెల్లుతుందని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. కాగితం రాసిన 43 ఏళ్లకు! ఇంకో మాట. చావు దగ్గరపడిందన్న భయంతో ఉన్న చివరి జబ్బులో ఇచ్చిన హిబాను వసియ్యత్‌లాగే చూస్తారు. అప్పుడు మూడో వంతు హద్దు వర్తిస్తుంది, వారిస్‌కు ఇస్తే మిగతావాళ్ల ఒప్పుదల కావాలి. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద నడిచే జబ్బంతా దీని కిందికి రాదు, పరిస్థితిని బట్టి కోర్టు చూస్తుంది. మంచాన పడకముందే రాయడం అందుకే మంచిది.

పొలానికి షరియత్ వర్తించదన్న మాట టెక్కలి వైపు ఇప్పటికీ వినపడుతుంది. 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. మద్రాసు రాష్ట్రం 1949లో 18వ చట్టంతో ఆ మినహాయింపు తీసేసింది. ఈ ప్రాంతం అప్పుడు మద్రాసులోనే ఉంది. కాబట్టి జీడి, కొబ్బరి, వరి ఏదైనా కూతురి వాటా కూతురిదే. ‘పెళ్లప్పుడు ఇచ్చాం కదా’ అన్నంత మాత్రాన అది తగ్గదు. తండ్రి బతికుండగా ‘నాకేమీ వద్దు’ అని రాయించుకున్న కాగితం మామూలుగా చెల్లదు, బదులుగా డబ్బు తీసుకుని ఉంటే మాత్రం కోర్టు వేరేగా చూడొచ్చు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తోటలు కూల్చాక మళ్లీ మొక్కలు నాటింది తానేనని ఒక కొడుకు అంటే, ఆ ఖర్చు లెక్క విడిగా మాట్లాడుకోవచ్చు. వాటా మాత్రం పెరగదు.

పంచే ముందు అప్పులు తీర్చాలి. ఆసుపత్రి కోసం తెచ్చిన అప్పుతో పాటు భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. చాలా ఇళ్లలో దాన్ని మర్చిపోతారు, లేదా మర్చిపోయినట్టు ఉంటారు. బ్యాంకులో నామినీ డబ్బు తీసుకోగలడు గానీ ఒక్కడే దాచుకోలేడు, దాన్నీ వాటాల ప్రకారం పంచాలి.

జమాత్ పెద్దలు కూర్చుని తేల్చితే అంతకంటే మంచిది లేదు. అయితే ఫత్వాను గానీ దారుల్ ఖజా తీర్పును గానీ ఎవరి మీదా బలవంతంగా అమలు చేయలేరని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. అందుకే ఒప్పందం కుదిరాక ఆడపిల్లలతో సహా అందరి సంతకాలతో పారిఖత్తు రాసి రిజిస్టర్ చేయించాలి, ఆ తర్వాత రెవెన్యూ రికార్డుల్లో పేర్లు మార్పించాలి. కుదరకపోతే న్యాయసేవా సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. అక్కడ ఇచ్చిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

మనవలకు వసియ్యత్ వచ్చి, వాళ్లు మైనర్లయితే, ఆ భూమిని చిచ్చా అమ్మలేడు, అమ్మీ కూడా సొంతంగా అమ్మలేదు. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు గార్డియన్‌ను నియమించి, అమ్మకానికి అనుమతి ఇస్తేనే ఆ దస్తావేజు నిలబడుతుంది.